ఫ్రాన్సు పల్లెల్లో సైకిలు: చక్కెర వ్యాధి వున్నవారికి కొన్ని జాగ్రత్తలు

"యాభై దాటినవాళ్ళు సైకిలు తొక్కవచ్చునా? చక్కెర వ్యాధి వున్నవాళ్ళ సంగతి ఏమిటి?" అని ఆస్పత్రికి వచ్చేవాళ్ళు తరచుగా అడుగుతూ వుంటారు. తొక్కవచ్చు. తొక్కితే మంచిదే. అయితే ఎలా తొక్కాలో, ఎప్పుడు ఆగాలో తెలిసి వుండాలి. ఈ వారం ఆ సంగతులన్నీ ఒక ప్రయాణం మీద పెట్టి చెబుతాను.

మా పెద్దబ్బాయి ఫ్రాన్సులోని తూలూజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 సెప్టెంబరులో వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు నేనూ, మా బావమరిదీ కలిసి ఆరు రోజులు దొర్దోన్ నది వెంబడి సైకిళ్ళ మీద తిరిగాము. మా బావమరిది బ్యాంకు ఉద్యోగి. వయసు యాభై ఒకటి. ఎనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి వుంది. అద్దె సైకిళ్ళు, గేర్లున్నవి, అక్కడే దొరికాయి.

ఫ్రెంచి వాళ్ళు సైకిలును ముద్దుగా "చిన్న రాణి" అంటారు. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెం వాళ్ళకు మనకు సంక్రాంతి కోడిపందాలంత సందడి. పల్లె రోడ్లు సన్నగా, నున్నగా వుంటాయి. ఊరి బయట సైకిలును దాటే మోటారు వాహనం మీటరున్నర ఎడం ఇవ్వాలని అక్కడ చట్టం. చాలామంది డ్రైవర్లు దాన్ని పాటించడం చూశాను. అయితే వాహనాలు కుడి పక్కన నడుస్తాయి. మనం ఎడమకు అలవాటుపడ్డ వాళ్ళం. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

సార్లా అనే ఊరు మా మకాం. తేనె రంగు రాతి ఇళ్ళు, వాలుగా వున్న రాతి కప్పులు, రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందే సందులు. పాత పట్టణాలను పడగొట్టకుండా కాపాడాలని 1962లో ఫ్రాన్సులో ఒక చట్టం వచ్చింది. సాంస్కృతిక శాఖ మంత్రి ఆంద్రే మల్రో పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఆ చట్టం కింద మొదట బాగుపడిన ఊళ్ళలో సార్లా ఒకటి. అక్కడి నుంచి ఒకప్పటి రైలు మార్గం మీద పట్టాలు తీసేసి సైకిలు బాట వేశారు. రైలు కోసం చదును చేసిన దారి కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. కొత్తగా తొక్కేవాళ్ళు రెండు రోజులు ఇలాంటి చోట అలవాటు చేసుకోవాలి.

నది పక్కకు చేరాక కథ మారుతుంది. ఫ్రాన్సు, ఇంగ్లండు రాజుల మధ్య 1337 నుంచి 1453 దాకా సాగిన నూరేళ్ళ యుద్ధం ఈ నది వెంబడే చాలాకాలం నడిచింది. ఒక ఒడ్డున బేనాక్ కోట, అది ఫ్రెంచి వాళ్ళది. ఎదుటి ఒడ్డున కస్తెల్నో కోట, అది చాలాకాలం ఇంగ్లీషు వాళ్ళది. రెండూ ఇప్పటికీ ఎదురెదురుగా నిలబడి వున్నాయి. శత్రువు దూరం నుంచే కనబడాలని ఊళ్ళన్నీ కొండ కొమ్మున కట్టుకున్నారు. అందుచేత ఇక్కడ ఒక పాత ఊరు చూడాలంటే ఒక కొండ ఎక్కాలన్నమాట.

అలాంటి ఊరే దోమ్. మన దోమకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1281లో ఫ్రెంచి రాజు మూడవ ఫిలిప్ కట్టించిన ప్రాకారపు ఊరు. నదికి సుమారు నూటయాభై మీటర్ల ఎత్తున వుంటుంది. నిటారు వీధులు, కోట ద్వారాలు, మధ్యలో సంత చావడి. అక్కడి బురుజుల్లో టెంప్లార్ మఠపు సైనికులను 1307 తర్వాత బంధించారు. వాళ్ళు రాతి మీద గీసుకున్న శిలువలు, బొమ్మలు ఇంకా వున్నాయి.

మేము దోమ్ కొండ ఎక్కింది సోమవారం ఉదయం. ఎండ రాకముందే బయలుదేరాలని తొందరపడి మా బావమరిది పరగడుపునే మాత్ర వేసుకున్నాడు. నేను అరటిపండు తింటూ అతనికీ ఒకటి ఇస్తే, "ముందు ఊళ్ళో వేడి రొట్టె తింటాలే బావా" అని జేబులో పెట్టుకున్నాడు. తీరా ఆ ఊరు చేరితే రొట్టెల కొట్టు మూసి వుంది. ఫ్రెంచి పల్లెల్లో ఆదివారం మధ్యాహ్నమూ, సోమవారమూ చాలా కొట్లు తెరవరు. మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం భోజనం వేళకు మూసేస్తారు. "అరటిపండయినా తిను" అన్నాను. "పైకెక్కాక తింటాను" అన్నాడు.

కొండ సగానికి వచ్చేసరికి అతని చొక్కా తడిసి ముద్దయింది. గాలి చల్లగానే వుంది. పలకరిస్తే విసుక్కున్నాడు. అతను విసుక్కునే మనిషి కాడు. మలుపు దగ్గర సైకిలు మెల్లగా ఎడమ పక్కకు జరిగింది. మనస్సు మసకబారగానే చేతులు పాత అలవాటుకు పోయాయి. ఎదురుగా కిందికి దిగుతున్న వ్యాను బ్రేకు వేసి ఆగింది. రెండు బారల దూరం మిగిలింది.

అతన్ని గట్టు మీద కూర్చోబెట్టి వేలి రక్తం పరీక్ష చేస్తే చక్కెర 58 వుంది. డెబ్భై కంటే తగ్గితే ప్రమాదం కింద లెక్క. నా సంచిలోని గ్లూకోజు పొడి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలకు 84కు వచ్చింది. అప్పుడు అరటిపండూ, బిస్కట్లూ తినిపించి, అరగంట ఆగి, సైకిళ్ళు నడిపించుకుంటూ పైకి చేరాము. వ్యాను నడిపే ఆయన అంతసేపూ మాతోనే వున్నాడు. భాష రాకపోయినా రోడ్డు మీద త్రికోణం పెట్టి కాపలా కాశాడు. మా అక్కచెల్లెళ్ళ ఇళ్ళల్లో ఆ పేరు తెలియని మనిషిని ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇలా ఎందుకు జరిగిందో చూడండి. కండరాలు పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సహాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. చక్కెర వ్యాధికి వ్యాయామం మంచిదనడానికి కారణం ఇదే. అయితే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలుగానీ, ఇన్సులిన్ సూదిగానీ తీసుకునేవారికి మందు ఒక పక్క, కండరాలు మరో పక్క చక్కెరను తగ్గిస్తాయి. కడుపులో ఆహారం లేకపోతే అది ప్రమాదపు స్థాయికి పడిపోతుంది. మెట్ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. ఎక్కువ శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర తగ్గవచ్చు.

చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఆకలి, విసుగు, చూపు మసక, తికమక మాటలు, ఇవీ గుర్తులు. ఎత్తు ఎక్కే ఆయాసంలో ఇవన్నీ కలిసిపోతాయి. అందుకే పక్కన వున్నవారికి ముందే చెప్పి వుంచాలి. రక్తపు పోటుకు అటెనలాల్ వంటి మాత్రలు వాడేవారిలో వణుకు, దడ కనబడకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే సహాయానికి ఫోను చెయ్యాలి. ఫ్రాన్సులో వైద్య సహాయానికి 15, మన దేశంలో 108.

ఫ్రాన్సులో ఈ సంగతులు నూరేళ్ళ క్రితమే తెలిసిన పెద్దమనిషి ఒకాయన వున్నాడు. పేరు పాల్ ద వీవీ, కలం పేరు వెలోసియో. సెంతెతియెన్ పట్టణంలో వుంటూ సైకిలు ప్రయాణాల మీద పత్రిక నడిపాడు. శాకాహారి. ఆకలి వేయకముందే కొంచెం కొంచెంగా తినాలనీ, దాహం వేయకముందే తాగాలనీ, గొప్పకోసం ఎప్పుడూ తొక్కవద్దనీ ఆయన సైకిలు వాళ్ళకు నియమాలు పెట్టాడు. ఈ చివరిది నాకు అన్నిటికంటే నచ్చింది. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ లో టామ్ సింప్సన్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ ఇంగ్లీషు వీరుడు వాంతూ కొండ మీద మండుటెండలో కూలి మరణించాడు. ఉత్తేజం కోసం మందు బిళ్ళలు మింగాడని తేలింది. శరీరం ఆగమన్నప్పుడు ఆగనివ్వని మందు అంత పని చేసింది.

దీనికి ఎదురు ఉదాహరణ రొబేర్ మార్షాన్. 1911లో పుట్టి 2021లో, 109 ఏళ్ళ వయసులో పోయాడు. 101వ ఏట నుంచి 103వ ఏటి దాకా ఆయన్ను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. ఆ రెండేళ్ళలో ప్రాణవాయువును వాడుకునే శక్తి 31 నుంచి 35కు పెరిగిందని 2017లో ప్రకటించారు. ఆయన సాధనలో ఎక్కువ భాగం తేలికగా తొక్కడమే. అయిదింట ఒక వంతు మాత్రమే గట్టిగా.

కనుక పాఠకులకు నా సలహాలు ఇవి. ఫ్రాన్సు వెళ్ళినా, మన ఊరి చెరువు గట్టు మీద తొక్కినా ఇవే పనికివస్తాయి.

1. నలభై దాటినవారు, గుండె జబ్బు, రక్తపు పోటు, చక్కెర వ్యాధి వున్నవారు మొదలుపెట్టకముందు డాక్టరుకు చూపించుకోండి. ఎక్కువ తొక్కే రోజున మందు మోతాదు ఎంత వుండాలో ఆయన్నే అడగండి. సొంతంగా తగ్గించవద్దు, మానవద్దు.

2. మాత్ర వేసుకుంటే టిఫిను తినాలి. టిఫిను లేకపోతే బయలుదేరకూడదు. ముందు ఊళ్ళో దొరుకుతుందని నమ్మవద్దు. జేబులో గ్లూకోజుగానీ పంచదారగానీ తప్పకుండా వుండాలి.

3. మాట్లాడుతూ తొక్కగలిగితే మీ వేగం సరిగ్గా వున్నట్టు. మాట తెగిపోతూ వుంటే గేరు తగ్గించండి, లేదా దిగి నడవండి. ఛాతీలో బిగువు, ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం వుంటే వెంటనే ఆపాలి.

4. సీటు ఎత్తు ముఖ్యం. పెడలు కిందికి వున్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా రావాలి. సీటు మరీ కిందికి వుంటే మోకాళ్ళ నొప్పులు వస్తాయి. చేతులు, కూర్చునే భాగం తిమ్మిరెక్కితే దిగి కాసేపు నడవాలి.

5. అక్కడి పల్లెల్లో కుళాయి మీద "ఓ పొతాబ్ల్" అని వుంటే తాగే నీరు. "నో పొతాబ్ల్" అని వుంటే తాగవద్దు. ఊరి శ్మశానంలో సాధారణంగా కుళాయి వుంటుంది. సీసా నింపుకోవడానికి సైకిలు వాళ్ళు అక్కడికే పోతారు, తప్పేమీ లేదు.

6. ఫ్రెంచి వాళ్ళ వైను గుండెకు మంచిదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మద్యంలో నిరపాయమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పైగా మద్యం చక్కెరను ఇంకా పడగొడుతుంది.

7. సైకిలు కీళ్ళ మీద బరువు వేయదు కాబట్టి మోకాళ్ళకు మంచిది. అదే కారణం చేత ఎముకలకు చాలదు. వారంలో కొన్ని రోజులు నడక కూడా వుండాలి. మొత్తం మీద వారానికి నూటయాభై నిమిషాలకు తగ్గకుండా వ్యాయామం చెయ్యండి.

మా బావమరిది ఇప్పుడు వారానికి నాలుగు రోజులు తొక్కుతున్నాడు. చక్కెర అదుపులో వుంది. వాళ్ళ డాక్టరు గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు. టిఫిను తినకుండా గడప దాటనివ్వడం మాత్రం మా చెల్లెమ్మ మానేసింది.