పరుగూ, గండిపేటా, నా మూడొందల గజాలూ

నా జీవితంలో మొట్టమొదటి లాంగ్ రన్ చిలుకూరులో జరిగింది. నవ్వకండి. 2006లో చెన్నైలో హెచ్-వన్ స్టాంపింగ్ అయ్యాక మొక్కు తీర్చుకోడానికి బాలాజీ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశాను, అదే ఆ రన్. కోరుకునేటప్పుడు పదకొండు, కోరిక తీరాక నూట ఎనిమిది, ఆ లెక్క మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చేతిలో అంకెల కార్డు, ఒక్కో చుట్టుకీ ఒక్కో గడి కొట్టుకుంటూ, ముందున్నవాణ్ణి దాటేస్తూ సగం నడక, సగం పరుగు. గుడికి కాస్త అవతలే గండిపేట చెరువుందనీ, అప్పట్లో నా మెహదీపట్నం రూంలో కుళాయి తిప్పితే వచ్చేవి ఆ నీళ్ళేననీ మాత్రం తెలీదు. నిజానికి తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

అసలు పరుగు మొదలెట్టింది 2016లో. కారణం అందరికీ ఉండేదే, హెల్త్ చెకప్‌లో షుగరు గీత దాటింది. మొదట గచ్చిబౌలి రోడ్ల మీద, తర్వాత ఔటర్ సర్వీసు రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. తారు రోడ్డు పరుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. వాచీ చూసుకోవడం, సోమవారం ఆఫీసులో చెప్పుకోవడం, అంతే. మూడేళ్ళు అలా గడిచాక ఒక కొలీగ్ "అనంతగిరి వస్తావా, మట్టిలో పరిగెడదాం" అన్నాడు.

వికారాబాద్ దాటి అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర కారు ఆపేసి, ఆరింటికల్లా అడవి దారిలోకి దిగాం. మాది కృష్ణా డెల్టా. మా ఊళ్ళో ఎత్తు అంటే కాలవ గట్టు, పల్లం అంటే కాలవ. ఆ రెండూ తప్ప భూమికి ఇంకో వంపు ఉంటుందని నా కాళ్ళకి తెలీదు. అక్కడేమో ఎర్ర మొరం. చిన్న చిన్న గుండ్రటి రాళ్ళు, కాలేస్తే సైకిలు బేరింగుల మీద నిలబడ్డట్టే. రోడ్డు మీద కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో లాగించే నేను అక్కడ తొమ్మిదిన్నర తీసుకున్నాను. ఎక్కుడు దగ్గర అందరూ నడుస్తుంటే నేనొక్కణ్ణే పరిగెత్తి, పైకెళ్ళేసరికి పొట్ట పట్టుకుని కూలబడ్డాను. ఎక్కుడులో నడవడం సిగ్గుపడాల్సిన పని కాదని తర్వాత చెప్పారు.

అసలు కష్టం దిగుడులో ఉంది. రోడ్డు అలవాటు కొద్దీ పెద్ద పెద్ద అంగలు వేస్తాం కదా, మడమ ముందుకి చాచి వేసిన ప్రతి అడుగూ ఒక బ్రేకే. ఆ దెబ్బంతా మోకాళ్ళూ తొడలూ కాసుకుంటాయి. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వెయ్యాలి. చూపు పాదాల మీద కాకుండా మూడు నాలుగు గజాల ముందు ఉండాలి. ఇవన్నీ ముందే చెప్పారు, నేనే వినలేదు. తర్వాత రెండ్రోజులు ఇంట్లో మెట్లు బానే ఎక్కాను కానీ, దిగడానికి మాత్రం రెయిలింగు పట్టుకుని పక్కకి తిరిగి దిగాల్సొచ్చింది. మా ఆవిడ వీడియో తీసి వాళ్ళ తమ్ముడికి పంపింది.

ఆ దిగుడు చివర ఒక చిన్న వాగు. మోకాలి లోతు కూడా లేదు. "ఇదంతా మూసీ లోకే" అన్నాడు మా కొలీగ్. నేను నమ్మలేదు. నాకు తెలిసిన మూసీ చాదర్‌ఘాట్ వంతెన కింద నల్లగా, ముక్కు మూసుకుంటే తప్ప చూడలేనట్టుగా ఉంటుంది. ఇక్కడేమో అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే అట. ఇక్కణ్ణించి శంకర్‌పల్లి మీదుగా వచ్చి గండిపేటలో చేరుతుంది. గండిపేట దాటాక నగరం మధ్యలోంచి పోయి, మొత్తం 240 కిలోమీటర్లు నడిచి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే మా డెల్టా కాలవల్లోకి వచ్చే నీళ్ళలో ఈ గులకల మీంచి పారినవి కూడా ఎన్నో కొన్ని ఉంటాయన్నమాట. నీరు పల్లమెరుగు అని చిన్నప్పట్నించీ వింటున్నదే. నా పాదాలకి తెలియడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది.

అప్పట్నించీ ఆదివారాలు గండిపేట చుట్టుపక్కలకి మారిపోయాయి. ఇంటికి దగ్గర, పైగా అన్ని రకాల నేలా దొరుకుతుంది. చిలుకూరు వైపు బండరాళ్ళు, పొలాల మధ్య బండి బాటలు, అక్కడక్కడా నల్లరేగడి. (వానపడ్డ రేగడిలో పరిగెత్తకండి. నాలుగడుగులకి ఒక్కో బూటు కిలో బరువవుతుంది. సర్కారు తుమ్మ ముళ్ళయితే బూటు అట్టలోంచి కూడా దిగుతాయి.) చెరువు కనబడుతూ మాయమవుతూ ఉంటుంది. ఎక్కడైనా కాలు పల్లానికి పోతోందంటే ముందు ఏదో ఒక ఒర్రె ఉన్నట్టే. కార్లో పోతే ఇవేవీ తెలియవు. రెండు శాతం వాలు కారుకి లెక్కే కాదు. పదో కిలోమీటర్లో ఉన్న పిక్కలకి మాత్రం బాగా తెలుస్తుంది.

ఈ చెరువెందుకు కట్టారో కూడా ఆ రోజుల్లోనే చదివాను. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో దాదాపు పదిహేను వేలమంది పోయారని అంచనా. మరుసటేడు ఆరో నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించాడు. ఊళ్ళో గోడలు కట్టి లాభం లేదు, పైనే నీళ్ళని ఆపాలన్నారాయన. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920కీ, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927కీ తయారయ్యాయి. రెంటికీ కలిపి దాదాపు ఏడు టీఎంసీలు. మనం తాగునీటి చెరువులనుకుంటాం కానీ, ముందు వచ్చింది వరద భయం.

ఆ చెరువుల్ని కాపాడ్డానికి 1996 మార్చిలో జీవో 111 ఇచ్చారు. పూర్తి నీటిమట్టం నించి పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో, సుమారు లక్షా ముప్ఫై రెండు వేల ఎకరాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు కట్టకూడదని. రైతుల గోడు కూడా ఇక్కడ చెప్పాలి. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. జీవో గీత ఇవతలున్న రైతుకి ఆ ధరలో చిల్లర కూడా రాదు. మేం నీళ్ళు తాగడం కోసం అతను పాతికేళ్ళు ధర వదులుకున్నాడు, దానికి మాలో ఎవరమూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. ఆ తర్వాత కోర్టు కేసులు సరే, అవన్నీ మీరు పేపర్లో చదివే ఉంటారు.

ఇప్పుడు నా సంగతి. అదే 2022 వేసవిలో నేనక్కడ ప్లాటు కొన్నాను. మూడొందల గజాలు. ఊరి పేరూ కంపెనీ పేరూ చెప్పను. మా బావమరిది "బావా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కొనలేం" అన్నాడు. అమ్మేవాడు "సార్, ఈశాన్యం పల్లం, వాస్తుకి బంగారం" అన్నాడు. మే నెల, ఎర్రగా ఎండిన నేల, వరసగా పాతిన రాళ్ళు. ఈశాన్యం మూల ఇసక పరుచుకున్న సన్నటి బాట ఒకటి పోతోంది. ఎడ్లబండి దారేమో అనుకున్నా. మూడేళ్ళుగా ఆదివారం ఆదివారం పల్లాలు చూసుకుంటూ పరిగెత్తినవాణ్ణి, ఆ రోజు మాత్రం కార్లోంచి దిగి ఇరవై అడుగులు కూడా నడవలేదు. ఆఫీసులో చిన్న బగ్గొస్తే రూట్ కాజ్ ఎనాలిసిస్ అని నాలుగు పేజీలు రాస్తాను. నా ఇరవై ఏళ్ళ సంపాదనలో పెద్ద ముక్క పెట్టేటప్పుడు మాత్రం ఆ బుద్ధి పుట్టలేదు.

2023 జులై చివర్లో వారం రోజులు వదలని వాన గుర్తుందా? అది కాస్త తెరిపిచ్చిన ఆదివారం, ఒకసారి ప్లాటు వైపు పరిగెత్తొద్దామని బయల్దేరాను. దగ్గరపడుతుంటే ముందు చప్పుడు వినబడింది. ఆ ఇసక బాట నిండా నీళ్ళు, తొడల లోతు, మంచి ఒరవడి. లేఅవుట్ మధ్యలోంచి తిన్నగా పోతోంది. ఈశాన్యం రాయి దాదాపు మునిగిపోయి, తల మాత్రం కనబడుతోంది.

గట్టు మీద గొంగడి కప్పుకుని ఒక ముసలాయన మేకల్ని కాస్తున్నాడు.

"ఏంది సారూ, గీ వానల ఉరుకుతున్నవ్? ఎవరన్న తరుముతున్నరా?"

"లేదు తాతా, ఊరికే. ఈ నీళ్ళెక్కడివి?"

"ఒర్రె గదా ఇది. మా తాతల కాడికెల్లి ఉన్నది. పైన కుంట మత్తడి దుంకితే గిట్లనే వస్తది. గండిపేటల కలుస్తది."

"మరి ఈ రాళ్ళు?"

"ఎవలో పట్నపోళ్ళు పాతిచ్చిండ్రు. వాళ్ళకేం ఎరుక, పాపం."

ఆ పట్నపోళ్ళలో నేనొకణ్ణని చెప్పలేదు. కాసేపు నిలబడి వెనక్కొచ్చేశాను.

నెల తిరక్కుండా కంపెనీవాడు ప్లాట్ల ఓనర్లందరికీ కాగితం పంపాడు. ఒర్రెలో తూము పైపులు వేసి, పైన మట్టి పోసి చదును చేస్తాం, మీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టండి అని. నేను పెట్టలేదు. ఇంకొకాయన కూడా పెట్టలేదు. వాట్సాప్ గ్రూపులో మా ఇద్దరికీ జరిగిన సత్కారం ఇక్కడ రాయను. అందరూ మనలాంటివాళ్ళే, టీం లీడ్లు, ఆర్కిటెక్టులు, ఒక డేటా సైంటిస్టు. "ఒక్క పైపుతో ఏమవుతుందండీ" అంటారు. ఒక్క పైపుతో ఏమీ కాదు, నిజమే. కానీ నేను పరిగెత్తే దారుల్లో ఇప్పటికి ఎన్ని ప్రహరీలు లేచాయో నాకు తెలుసు. మామూలు వానకి ఆ గోడల వెనకే నీళ్ళు నిలిచిపోతాయి, చెరువు దాకా రావు. పెద్ద వానకి మాత్రం ఇంకేచోటు లేని తారు రోడ్ల మీంచి ఒక్కసారిగా వచ్చి పడతాయి.

2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తారు. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చేశాయి. చిక్కుకున్న ప్రయాణికుల్ని బయటికి తీసుకొస్తుంటే టీవీలో చూస్తూ కూర్చున్నాం. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిన వరదకీ దీనికీ నూట పదిహేడేళ్ళు, రెండ్రోజుల తేడా. మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మేద్దామండీ, మనకెందుకీ గొడవ" అంది. అమ్మొచ్చు. బావమరిది చెప్పినట్టే ధర పెరిగింది కూడా. కానీ కొనేవాడు కొన్న మర్నాడే ఆ కాగితం మీద సంతకం పెడతాడు. అమ్మకపోతే ఇల్లు కట్టలేని మూడొందల గజాలకి ఇంకా ఏళ్ళ తరబడి ఈఎమ్ఐ కట్టుకుంటూ కూర్చోవాలి. అమ్మాయి వచ్చే ఏడు ఇంజనీరింగ్‌లో చేరుతుంది. ఇప్పటికైతే అమ్మలేదు, సంతకమూ పెట్టలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈశాన్యం రాయి ఒరిగిపోయి ఉంది, పెయింటుతో రాసిన నంబరు సగం చెరిగిపోయింది. పక్కన ఇసక మేట, దాని మీద మేకల అడుగులు. వాచీ ఆపడం మర్చిపోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంటికొచ్చి చూస్తే ఆ రోజు పేస్ కిలోమీటరుకి పదకొండు నిమిషాలని చూపించింది. "ఏంటి బాస్, ఒంట్లో బాలేదా" అని గ్రూపులో నలుగురడిగారు.