సోనాపూర్‌లో ఫార్మలిన్

దుబాయ్ మ్యాపులో సోనాపూర్ కోసం వెతికితే ముహైస్నా 2 అని కనిపిస్తుంది. అల్ కుసైస్ పక్కన, షార్జా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. హిందీలో ఆ పేరుకు బంగారు ఊరు అని అర్థం. వరుసగా లేబర్ క్యాంపులు, బాల్కనీల నిండా ఆరేసిన యూనిఫాంలు, తెల్లారకముందే బయల్దేరే కంపెనీ బస్సులు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్లల నుంచి వచ్చిన మనవాళ్లు ఎంతోమంది ఇక్కడ ఉంటారు. ఫ్లాట్లలో కాపురాలు చేసుకునే మాలాంటి వాళ్లకు కారులో ఎంతో దూరం కాదు. అయినా పని పడితే తప్ప అటు వెళ్లం.

మాకు పడిన పని ఎంబామింగ్ సెంటర్‌లో. ఇక్కడ చనిపోయినవారిని స్వదేశానికి పంపే ముందు శరీరం పాడవకుండా రక్తనాళాల్లోకి మందు ఎక్కించే చోటు అది. మావారితో పనిచేసిన ఒకాయన గుండెపోటుతో పోయారు. బయట నిలబడ్డ ఆయన రూమ్మేట్ నన్ను అడిగాడు: “అక్కా, ఊరికి చేరెటాల్లకు ఇంకా రెండు మూడు రోజులైతది. వాళ్లమ్మ మొఖం చూడొచ్చా?”

“చూడొచ్చు తమ్ముడూ” అన్నాను. నేను బీజెడ్‌సీ చదివాను. జువాలజీ ల్యాబులో గాజు సీసాల్లో కప్పలు, చేపలు ఏళ్ల తరబడి చెడకుండా ఉండేవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూత తీస్తే కళ్లు మండించే ఆ ఫార్మలినే ఎంబామింగ్ మందులోనూ ముఖ్యమైన సరుకు.

ప్రాణం పోగానే కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే కరిగించడం మొదలుపెడతాయి. తర్వాత బాక్టీరియా అందుకుంటుంది. తొలినాటి మైక్రోస్కోపు శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కు ఇదే. 1665లో రాబర్ట్ హుక్ ‘సెల్’ అని పేరు పెట్టింది బెరడు ముక్కలోని ఖాళీ గదులకు. అది ఎండిన బెరడు కాబట్టి కుళ్లే భయం లేదు. మాంసం అలా కాదు. డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్ యూనివర్సిటీ ముఖం చూడలేదు. తన కటకాలు తనే తయారుచేసుకున్నాడు. కండరాల పోగులు స్పష్టంగా కనిపించడానికి 1714 ప్రాంతంలో వాటికి కుంకుమపువ్వు రంగు పట్టించాడు. మనం పాయసంలో వేసే కుంకుమపువ్వే!

ఫ్రాన్సులో బిషా అనే యువ వైద్యుడికి మైక్రోస్కోపు మీద నమ్మకం లేదు. శవాలను కోసి, ఉడికించి, నానబెట్టి, వట్టి కంటితోనే చూసి, మన శరీరంలో 21 రకాల కణజాలాలు ఉన్నాయని 1800 ప్రాంతంలో లెక్క తేల్చాడు. వాటిని టిష్యూ అన్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకు నేసినది అని అర్థం. మన టిష్యూ చీరకు పేరు వచ్చిందీ ఆ మాట నుంచే. 1802లో పోయేనాటికి ఆయనకు 30 ఏళ్లే.

నేత చెదరకుండా పట్టి ఉంచే మందు దొరకడానికి ఇంకో 90 ఏళ్లు పట్టింది. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే డాక్టరు ఫార్మలిన్ క్రిములను చంపుతుందా అని పరీక్షిస్తుంటే, అది తగిలిన తన వేళ్ల చర్మమే గట్టిపడింది. అయితే కణజాలం కూడా ఇలాగే గట్టిపడాలి కదా అనుకుని ప్రయత్నించాడు. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. ఇక ఎంజైములు పనిచేయలేవు, బాక్టీరియా బతకలేదు. కణాలు ఉన్నవి ఉన్నట్టే నిలిచిపోతాయి.

ఈ రోజుకీ ఆసుపత్రిలో బయాప్సీ తీస్తే ఆ ముక్కను ముందుగా వేసేది 10 శాతం ఫార్మలిన్‌లోనే. తర్వాత మైనంలో పెట్టి, పలచటి పొరలుగా కోసి, రంగు వేసి చూస్తారు. మనలో ఎంతమంది రిపోర్టు కోసం గుండె చిక్కబట్టుకుని ఎదురుచూడలేదు!

సోనాపూర్ నుంచి శవపేటిక కదలాలంటే డెత్ సర్టిఫికెట్, కాన్సులేట్ ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టుతో పాటు ఎంబామింగ్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. మీకు తెలిసిన ఇంట్లో ఎప్పుడైనా ఈ కష్టం వస్తే, “శరీరాన్ని ఏం చేస్తారో” అని ఊళ్లో ఆడవాళ్లు ఫోన్లో భయంభయంగా అడుగుతారు. వివరంగా చెప్పండి. కోసి తీసేసేది ఏమీ ఉండదనీ, రక్తనాళాల్లోకి మందు పంపుతారనీ, ముఖం చూసుకోవచ్చనీ చెప్పండి. నాలుగేళ్లుగా వీడియో కాల్‌లో తప్ప కొడుకును చూడని తల్లికి ఆ మాట కావాలి.