ఉగాది వేదిక మీద డప్పు

తామరైపాక్కం అనగానే చెన్నైవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది ఆనకట్ట. ఆంధ్రలో కుశస్థలి అని పిలిచే నదే ఇక్కడ కొసస్తలై ఆరు. ఆనకట్ట దగ్గర ఆ నీటిని చోళవరం చెరువుకు మళ్ళిస్తారు. ఎగువన ఉన్న పూండి జలాశయానికి 1996లో కృష్ణా నీళ్ళు కూడా వచ్చాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడుకునే మాబోటి కుటుంబాలకు ఈ నీళ్ళ కలయికలో వింతేమీ కనిపించదు. కానీ పాటల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఏవి మనవి, ఏవి కావు అన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్క గురించే ఈ నాలుగు మాటలు.

మాకు దగ్గరలోని కర్లపాక్కంలో పుట్టినవాడే సినిమా దర్శకుడు పా. రంజిత్. 'మద్రాస్', 'కబాలి', 'కాలా' ఆయన తీసినవే. ఆయన స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు టెన్మా కలిసి 2017లో ఒక పాటల బృందాన్ని తయారుచేశారు. ఎందరినో పిలిచి, పాడించి విని, చివరకు 19 మందిని ఎంచుకున్నారు. గానా గాయకులు, ర్యాప్ పాడేవాళ్ళు, గిటారు వాయించేవాళ్ళు, పరై కొట్టేవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. బృందం పేరు 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్'. కులభేదం లేని తమిళులు అన్న అర్థంలో అయోతీదాస పండితుడు (1845–1914) వాడిన మాట నుంచి తీసుకున్న పేరది.

గానా అంటే ఉత్తర చెన్నై పేటల్లో పుట్టిన పాట. ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు కూర్చుని పోయినవాళ్ళ మీద కట్టి పాడే పాట కూడా అదే. ఇక పరై అంటే మన డప్పుకు తోబుట్టువే. రెంటికీ 'చావు మేళం' అనే ముద్ర పడిపోయింది. ఎవరు వాయిస్తారో చూసి వాద్యానికి వేసిన ముద్ర అది!

2018 జనవరి 6న చెన్నై కీల్పాక్కంలో ఆ బృందం మొదటి కచేరీ జరిగింది. అంబేడ్కర్‌ను గుర్తుచేసేలా అందరూ సూట్లు వేసుకుని వచ్చారు. రిజర్వేషన్ల గురించి, తిండి మీది ఆంక్షల గురించి, ఉత్తర చెన్నై బతుకుల గురించి పాడారు. వారిలో ఒకే ఒక ఆడపిల్ల ఇసైవాణి. మగవాళ్ళదే అనుకున్న గానా పాడి నిలబడిన ఆ అమ్మాయిని 2020లో బీబీసీ తన వందమంది మహిళల జాబితాలో చేర్చింది. ర్యాప్ పాడిన అరివు మన తిరుత్తణి పక్కనున్న అరక్కోణం కుర్రవాడు. 2021లో 'ఎంజాయ్ ఎంజామి' పాటతో లోకమంతా తెలిశాడు.

గిటారు పట్టుకుని నిలదీయడం లోకానికి కొత్తేమీ కాదు. 1970లలో అమెరికాలో, ఇంగ్లండులో పంక్ అనే మోటు సంగీతం బయలుదేరింది. అది ఎంత దూరం పాకిందంటే, ఆనాటి యుగోస్లావియాలో, సెర్బియాలోని నోవీసాద్ పట్టణంలో 1978లోనే 'పెకిన్‌స్కా పాట్కా' అనే పంక్ బృందం పుట్టింది. 1980లో వాళ్ళ మొదటి ఆల్బమ్ కూడా వచ్చింది. వాళ్ళు తీరైన సంగీతం అన్న మర్యాదనే వెక్కిరించారు. మా చెన్నై పిల్లల ప్రశ్న వేరు. ఆ మర్యాదలో మాకెందుకు చోటు లేదని వీళ్ళు అడిగారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమాల గురించి కూర్చున్నప్పుడు, ఈ పాటలు విని పెరిగిన మా అమ్మాయి "ఈసారి డప్పు పెడదామండీ" అంది. ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. "ఏమ్మా, పండగపూట చావు మేళమా?" అన్నారు నా వైపు తిరిగి. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది: "తాతగారూ, మా అమ్మమ్మగారి ఊళ్ళో గంగజాతరకు కొట్టేదీ అదే డప్పు కదండీ. అమ్మవారికి పనికొచ్చింది మనకు పనికిరాదా?"

ఆయన బదులు చెప్పలేదు. కోపం తెచ్చుకోనూ లేదు. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. మార్గళి మాసంలో చెన్నై సభల్లో త్యాగరాజస్వామి తెలుగు మోగుతుంటే ఒళ్ళు పులకరించే తరం ఆయనది. నాకూ పులకరిస్తుంది. అయితే అదే మార్గళిలో, 2020 నుంచి రంజిత్ బృందంవారు 'మార్గళియిల్ మక్కళిసై' పేరుతో జానపదులకు, గానా గాయకులకు వేదిక వేశారు. 2025లో మదురైకి చెందిన పరై గురువు వేలు ఆసాన్‌కు పద్మశ్రీ వచ్చింది. మన తెలుగునాట అయితే 1970లలోనే గద్దర్, జననాట్యమండలి డప్పును వేదికల మీదికి తెచ్చారు.

ఇంకొక్క మాట. చెన్నై వీధులు ఊడ్చే కార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్నారు. తరాల క్రితం ఆంధ్ర ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలవి. మన సంఘాల ఆహ్వానపత్రికలు వాళ్ళ గడపదాకా వెళ్ళడం నేనైతే చూడలేదు. త్యాగయ్య తెలుగు మనదైతే, వాళ్ళ తెలుగు ఎవరిది?

అందుకే సమావేశంలో నేను అడగబోయేవి మూడే. డప్పు కళాకారుల పేర్లు ఆహ్వానపత్రికలో అచ్చు కావాలి. గాత్ర విద్వాంసులకిచ్చినట్లే వాళ్ళకూ తాంబూలంలో పెట్టి సంభావన ఇవ్వాలి. కార్యక్రమం అయ్యాక మనతోపాటే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టాలి. ఈ మూడూ కుదరకపోతే డప్పు పిలవకపోవడమే మేలు. ఊరికే సందడి కోసం పిలిచి, వాకిట్లోంచే పంపే అలవాటు ఇప్పటికే చాలా పాతది.

తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు తెలుగు డప్పు బృందాలు తెలిసినవారుంటే దయచేసి మాకు కబురు చేయండి. ఉగాదికి ఇంకా వ్యవధి ఉంది.