తెర మూలలో అవ్వ

టీవీలో వార్తలు చదువుతున్నప్పుడు మూలలో ఇంకొక చిన్న తెర కనిపించడం, అందులో ఒకరు చెవులు వినపడని వారి కోసం చేతులతో సైగలు చేస్తూ ఉండడం మనమందరం చూసిందే. దీన్ని పిక్చర్ ఇన్ పిక్చర్ అంటారు. మన మాటల్లో తెరలో తెర అనుకుందాం. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ ప్రసారంలో క్వాంటెల్ అనే బ్రిటిష్ కంపెనీ యంత్రంతో క్రీడాజ్యోతిని చిన్న చట్రంలో, స్టేడియంలోకి పరుగెత్తి వస్తున్న దృశ్యాన్ని మిగతా తెర మీద ఒకేసారి చూపించారు. అప్పట్లో అది పెద్ద పెద్ద టీవీ కంపెనీలకే సాధ్యమైన పని. ఇప్పుడు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, కొత్త సాఫ్ట్‌వేరు ఏదీ ఎక్కించకుండానే మనమూ చేసుకోవచ్చు. దాంతో మా ఇంట్లో మాకేం అవసరం పడిందో ముందు చెబుతాను.

మా ఊరు వెంగల్. తిరువళ్ళూరు జిల్లాలో, పెరియపాళయం దగ్గర. ఈ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు తరాలుగా ఉన్నాయి. తిరుత్తణి తాలూకా అయితే 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలోనే ఉండేది. పటాస్కర్ సిఫార్సుల ప్రకారం సరిహద్దులు మార్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మా వైపు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. రెండూ మావే. తమిళం మాకు చదువు చెప్పిన భాష, అన్నం పెట్టిన భాష. దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.

చిక్కల్లా ఒక్కటే. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. తెలుగు చదివించే వీలున్న చోట కూడా అది రెండో వరుసకు వెళ్ళింది. అందుకని ఇప్పుడు మా ఇళ్ళలో తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాసుకోవడం అలవాటైంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. కాబట్టి గంప అని రాసినా కంప అని రాసినా కాగితం మీద ఒకేలా ఉంటుంది. తెలిసినవాళ్ళు సందర్భాన్ని బట్టి సరిగ్గా చదువుకుంటారు. పరదేశంలో పెరిగిన మనవడికి ఆ సందర్భం ఎవరు చెబుతారు? వాడు గంప తెమ్మంటే కంప తెస్తాడు!

మా వీధిలో తెలుగు చదవడం, రాయడం రెండూ వచ్చిన మనిషి ఇప్పుడు మా అవ్వ ఒక్కతే. ఎనభై దాటింది. చిన్నప్పుడు పలక మీద దిద్దిన చదువే గానీ అక్షరం ముత్యంలా ఉంటుంది. మనవళ్ళూ మునిమనవళ్ళూ వెంగల్‌లో కొందరు, బెంగుళూరులో కొందరు, అమెరికాలో ఇద్దరు. అందరికీ అవ్వ చేత ఓనమాలు చెప్పించాలని నాకు పట్టుదల పుట్టింది.

వీడియో కాల్‌లో ప్రయత్నిస్తే కుదరలేదు. పలక చూపిస్తే అవ్వ మొహం కనబడదు, మొహం చూపిస్తే పలక కనబడదు. పిల్లలకు రెండూ కావాలి. న అనేటప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది, ణ అనేటప్పుడు వెనక్కి మడత పడుతుంది. ల, ళ కూడా అంతే. అది నోరు చూస్తే తెలిసినంతగా వింటే తెలియదు. కాబట్టి పెద్ద తెర మీద పలక, చిన్న తెరలో అవ్వ నోరు ఉండాలి.

మా ఇంట్లో ఉన్నది మా ఆయనకు ఆఫీసువాళ్ళు ఇచ్చిన లాప్‌టాప్. ఇంటి పనికి వాడుకోవచ్చు గానీ కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాలంటే వాళ్ళ పాస్‌వర్డు కావాలి. అందుకని బ్రౌజర్లోనే నడిచే క్లిప్‌చాంప్ ఎంచుకున్నాను. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ సంస్థను 2021లో మైక్రోసాఫ్ట్ కొన్నది. క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ తెరిచి, మన ఈమెయిలుతో లోపలికి వెళితే చాలు. మామూలు పనులకు డబ్బు కట్టనక్కర్లేదు.

పద్ధతి ఇది. రెండు ఫోన్లు తీసుకోండి. ఒకటి పలక మీదికి, ఒకటి మొహం మీదికి. రెండింటినీ అడ్డంగా పెట్టి రికార్డు మొదలుపెట్టాక అవ్వ చేత ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. తరువాత పాఠం. రెండు వీడియోలనూ కంప్యూటర్లోకి తెచ్చి, క్లిప్‌చాంప్‌లో కింది వరుసలో పలక వీడియో, దాని పై వరుసలో అవ్వ వీడియో పెట్టండి. పై వరుసలో ఉన్నదే తెర మీద ముందుకు వస్తుంది. అవ్వ వీడియోను ఎంచుకుని పిక్చర్ ఇన్ పిక్చర్ అన్న బొత్తాం నొక్కితే ఏ మూల కావాలో అడుగుతుంది. చప్పట్ల శబ్దం రెండింటిలోనూ ఒకేచోట పడేలా ఒక వీడియోను కాస్త ముందుకో వెనక్కో జరపండి. అప్పుడు మాటా చెయ్యీ కలుస్తాయి. పలక వీడియో శబ్దం ఆపేయండి, లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. చివర ఎక్స్‌పోర్ట్ నొక్కి 720 రకం ఎంచుకుంటే ఫోన్లో పంపడానికి తేలికగా ఉంటుంది. కూర్చే పని చాలావరకు మన కంప్యూటరే చేస్తుంది కాబట్టి పాత లాప్‌టాప్‌లు కొంచెం నెమ్మదిస్తాయి. ఓపిక పట్టాలి.

మూల ఎంచుకోవడంలో ఒక కిటుకు ఉంది. చాలామంది కుడివైపు కింది మూల పెడతారు. తెలుగుకు అది పనికిరాదు. మన ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి. అమ్మ అని రాస్తే మ ఒత్తు సరిగ్గా ఆ చిన్న తెర చాటుకు పోతుంది. తమిళంలో అయితే పొల్లు చుక్క అక్షరం నెత్తిన ఉంటుంది, కింద ఏమీ ఉండదు. అందుచేత మేము కుడివైపు పై మూల తీసుకుని, పలక మీద పై వరుస కాస్త ఖాళీగా వదిలి రాయిస్తున్నాం.

మొదటి పాఠం చూపించినప్పుడు అవ్వ అడిగింది, “ఏమ్మే, నా మొగాన్ని అంత చిన్నది జేసి మూలకు దోసినావే?”

“పిల్లోళ్ళకు అక్షరం పెద్దగా కనబడాల గదా అవ్వా.”

“అట్లయితే సరే. నోరు మాత్రం బాగా కనబడాల,” అంది. మర్నాటి నుంచి రికార్డుకు ముందు తాంబూలం వేసుకోవడం మానేసింది.

ఇప్పటికి అచ్చులు, హల్లులు, గుణింతాలు అయిపోయాయి. ఒక్కో పాఠం మూడు నిమిషాలకు మించనివ్వడం లేదు. మొన్న ఊత్తుకోటలో బస్సు కోసం నిలబడి ఉంటే, మా తమ్ముడి కొడుకు ఆంధ్ర బస్సు బోర్డు చూసి ‘స... త్య... వే... డు’ అని కూడబలుక్కున్నాడు. త కింద య ఒత్తు ఉన్న మాట. ఆ బస్సు వాడు పుట్టినప్పటి నుంచి ఆ దారినే పోతోంది. వాడు దాని పేరు చదవడం మాత్రం అదే మొదటిసారి. అమెరికా పిల్లలు ఇంకా గుణింతాల దగ్గరే తంటాలు పడుతున్నారు. అయినా ళ ఇప్పుడు స్పష్టంగా పలుకుతున్నారు.

మీ ఇళ్ళలోనూ అక్షరం వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే ఈ సెలవుల్లో ఒక్క పాఠమైనా చేయించండి. పాఠమే కానక్కర్లేదు. ఆవకాయ కలపడం, ముగ్గు వేయడం, పూలు కట్టడం, చేతులు ఒక తెరలో మొహం ఒక తెరలో కనిపించాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. రెండు వీడియోలూ కలిపేశాక చిన్న తెరలోని మొహాన్ని మళ్ళీ అంత బాగా పెద్దది చేయలేం. అందుకని ఫోన్లో తీసిన అసలు వీడియోలను చెరిపేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో విడిగా దాచుకోండి. కలిపినది పిల్లలు అక్షరాలు నేర్చుకోవడానికి. విడిగా ఉన్నది, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక అవ్వను తెర నిండా చూసుకోవడానికి.