వెడల్పు కటకము

గత వేసవి సెలవులలో మేమొక కటకమును కొనవలెనా, మానవలెనా యని పదునైదు దినములు తర్కించుకొంటిమి. ఛాయాచిత్రములయందు మాకు గల పిచ్చి ఈ పాఠశాల బాలురకు క్రొత్త సంగతి కాదు. వార్షికోత్సవములలో వారు మమ్ము వేదికపై కంటె నిచ్చెనపైననే ఎక్కువగా చూచియుందురు.

మా కెమెరా కానన్ వారిది. దానితోపాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల కటకమే ఇన్నాళ్లు మా సర్వస్వము. కొత్తగూడెములోనే యున్న మా పూర్వవిద్యార్థి యొకడు తన 10-18 కటకమును 9,000 రూపాయలకు ఇచ్చెదనని, "ముందు వాడి చూడండి సార్, డబ్బు తరువాత" అని మా చేతబెట్టెను. 2014లో వెలువడిన ఈ కటకము తన జాతిలో చవుకది. తూకము 240 గ్రాములు మాత్రమే. కెమెరాకు తగిలించు భాగము లోహము గాక ప్లాస్టిక్కు. ఎండ సోకకుండ ముందు తొడుగు గొట్టమును సయితము వేరుగ కొనవలసినదే. అదే సంస్థ 2004లో తెచ్చిన 10-22 కటకము 385 గ్రాములు తూగును, వెలుతురు నెక్కువగ గ్రహించును, వెలయు హెచ్చు. అయితే పగటిపూట కొండలకు, నదులకు మేము వెలుతురు దూరు ద్వారమును ఎట్లును 8కో 11కో కుదింతుము గనుక ఆ హెచ్చు వెలుతురుతో మాకు పనిలేదు.

మొదట కిన్నెరసాని జలాశయమునకు పోతిమి. పాత కటకము మూలనుండి మూలకు 74 డిగ్రీల మేర చూచును, ఇది 107. ఇంత చూచు కన్ను కొండల నెంత గొప్పగ చూపునోయని తలంచితిమి. జరిగినది విపరీతము. 18 వద్ద తొమ్మిదంగుళముల ఎత్తు వచ్చిన కొండ, అదే కాగితముపై 10 వద్ద ఐదంగుళములకు దిగిపోవును. ఎటు చూచినను నీరు, ఆకాశము, నడుమ నొక పచ్చని నూలుపోగు! ఇంటివారు నవ్విరి. అంత వెడల్పే కావలసినచో పాత కటకముతో మూడు చిత్రములు వరుసగ తీసి కంప్యూటరులో అతుకవచ్చును. పైసా ఖర్చు లేదు. తిరిగి ఇచ్చివేయ నిశ్చయించుకొంటిమి.

ఆ వారముననే మా విద్యార్థి తండ్రి యొకరు వచ్చిరి. వారిది కుక్కునూరు వైపు గోదావరిగట్టు గ్రామము. 2014లో ఆ మండలము ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమున చేరినది. పోలవరము ప్రాజెక్టు ముంపు గ్రామములలో వారి ఊరొకటి. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగినపుడు వారి గోడలు నానిన గుర్తు ఇంకను గలదట. ఇక ఊరు ఖాళీ చేయవలసియున్నది.

"సారూ, మా ఇల్లూ గోదారీ ఒక్క ఫోటోల పడాలె. మా అమ్మ గడపకాడ కూసుంటది," అని యడిగిరి.

పాల్వంచ, బూర్గంపాడు మీదుగ పోయి సాయంకాలమునకు చేరితిమి. ఎండ మా వెనుకనుండి ఆవలిగట్టు కొండలపై పడుచుండెను. ఆ సందు మిగుల ఇరుకు. నాలుగడుగులు వెనుకకు వేయగనే ఎదుటి దడి వీపునకు తగిలెను. పాత కటకమున ఇల్లు పడిన నది పడదు, నది పడిన చూరు మాత్రమే మిగులును. అతుకుదమన్న, అంత దగ్గరి వస్తువులు అతుకులవద్ద కుదరవు. పైగా కోళ్లు, పిల్లలు నిలిచినచోట నిలువరు గదా! చవుక కటకమును తగిలించితిమి. పెంకుటిల్లు, గడప, రేవుకు దిగు త్రోవ, గోదావరి, కొండలు అన్నియు నొక్కసారిగ లోనికి వచ్చినవి.

మొదటి చిత్రము మాత్రము చెడినది. ముసలమ్మ అంచున నుండుటచే ఆమె తల ప్రక్కకు సాగిపోయినది. మేము కెమెరాను క్రిందికి వంచితిమి గనుక గుంజలును వాలినవి. ఇవి చవుక కటకపు దోషములు కావు, ఎంత వెలపెట్టినను వెడల్పు కటకముల స్వభావమే యింత. ఆమె చూచి, "నన్నేంది కొడుకా గుమ్మడికాయను జేసినవ్?" అని పకపక నవ్వెను. ఆమెను నడుమకు జరిపి, మేము మోకాళ్లపై కూర్చుండి, కెమెరాను సమముగ పట్టి మరల తీసితిమి.

ఇంటికి వచ్చి పెద్దదిగ జేసి చూడగ మూలల ఆకులు కొంచెము మసకబారియున్నవి. పరీక్షాధికారివలె వెదకువారికే అవి కనబడును. మరునాడే 9,000 రూపాయలు చెల్లించితిమి. కిన్నెరసాని కొండలకు మాత్రము పాత కటకమునే వాడుచున్నాము.

చట్రము కట్టించి ఇచ్చినపుడు ముసలమ్మ తన్ను తాను చూచుకొననేలేదు. చూరు ప్రక్కనున్న వేపచెట్టు పడినదా యని వ్రేలితో వెదకెను. సగము పడినది.