పూడ్చే గీత, ఉంచే గీత

బల్ల మీదికి వెలుగు పైనుంచి కాకుండా పక్కనుంచి పడుతోంది. నెత్తిన పడే వెలుగులో అతుకు దాక్కుంటుందని, వారగా పడితే వెంట్రుక మందం ఎత్తుపల్లమైనా నీడ వేస్తుందని ఆయన లైటును అలా పెట్టుకున్నారు. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఒక ఇంటి మేడ మీద గది అది. ఆయన వాయుసేనలో విమానాల బాడీ పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆ విమానాలనే ప్లాస్టిక్ కిట్లతో 72వ వంతు కొలతలో కడుతున్నారు. నేను వెళ్లేసరికి బల్ల మీద మిగ్-21 ఉంది. ఇంకా రంగు పడలేదు. వీపు పొడవునా బూడిదరంగు మరక, రెక్కల మొదట్లో తెల్లటి చారలు. చూడటానికి గాయాలకు కట్టు కట్టినట్టుంది.

ఈ సందులు ఎందుకొస్తాయని అడిగాను. కిట్టు పాలిస్టైరీన్‌తో చేస్తారు. కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపుతారు. చల్లారేటప్పుడు అది ముడుచుకుంటుంది. మందంగా ఉన్నచోట పైన చిన్న గుంట పడుతుంది. అచ్చు రెండు చెక్కలూ కలిసేచోట సన్నని గీత మిగులుతుంది. విమానం ఒళ్లు కుడి, ఎడమ రెండు ముక్కలుగా వస్తుంది కాబట్టి, ముక్కు నుంచి తోక దాకా వీపు మీద ఒక అతుకు, పొట్ట కింద ఒక అతుకు తప్పవు.

రెక్క మొదట్లో సందు అర మిల్లీమీటరు ఉంది. నాకదో లెక్కలా అనిపించలేదు. ఆయన కాగితం మీద 72తో గుణించి చూపించారు. 36 మిల్లీమీటర్లు. "అసలు విమానానికి ఇంత సందు ఉంటే రెండు వేళ్లు దూరతాయమ్మా. అలాంటిదాన్ని ఎవరు ఎగరనిస్తారు?"

అయినా ఆయన చెయ్యి ముందు లప్పం మీదికి పోదు. జిగురు లేకుండా ముక్కలు పెట్టి చూస్తారు, ఎక్కడ తగులుతోందో అక్కడ ఆకురాయి పెడతారు, మళ్లీ పెట్టి చూస్తారు. ఆ తర్వాతే జిగురు. నీళ్లలా పలచగా ఉండే ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు ముక్కలనూ గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్కే అతుకు పొడవునా సన్నగా ఉబికి వస్తుంది. దాన్ని తుడవకుండా ఆరనిచ్చి, మర్నాడు బ్లేడుతో గీకేస్తారు. అతుకు ఉన్న జాడ చాలావరకు అక్కడే పోతుంది. లప్పం అవసరం ఎంత తగ్గితే పనివాడితనం అంత ఉన్నట్టని ఆయన లెక్క. నాకూ అదే సరైనదనిపించింది.

వెడల్పు సందులో మాత్రం ప్లాస్టిక్ షీటు నుంచి పీలిక కోసి దూర్చి, పైపైన లప్పం పెడతారు. ఆ లప్పం ట్యూబులో వచ్చే టామియా కంపెనీ పుట్టీ. అందులో ద్రావకం ఎగిరిపోయేకొద్దీ పదార్థం కుంగిపోతుంది. లోతైన సందును ఒకేసారి నింపితే ఆరాక అక్కడ గుంట తేలుతుంది. అందుకే పలచగా పెట్టి, ఆరాక మళ్లీ పెడతారు. కుంగకూడదనుకున్నచోట మన హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్. రెండు ముద్దలూ కలిపి, తడివేలితో నునుపు చేస్తే అలాగే నిలుస్తుంది. సన్నని పగులుకు ఫెవిక్విక్. దానిమీద వంటసోడా చల్లితే అప్పటికప్పుడు బిగుస్తుంది కానీ రాయిలా తయారవుతుంది. ఆయన టాల్కం పౌడరు కలుపుతారు, అది గీకడానికి అనువు. గీకడం ఆలస్యం చేస్తే జిగురు ప్లాస్టిక్ కంటే గట్టిపడి, గరుకు కాగితం పెట్టి రుద్దినప్పుడు జిగురు అరగక చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగిపోతుంది. కిట్టు ముక్కలు తీశాక మిగిలే చట్రాన్ని కూడా పారేయరు. తుంపులు చేసి జిగురులో నానబెట్టిన సీసా ఒకటి పక్కనే ఉంది. ఆ పేస్టూ పాలిస్టైరీనే కాబట్టి ఆరాక ఒంట్లో కలిసిపోతుంది.

తర్వాత వాటర్ పేపర్. 400 నంబరుతో మొదలై 600, 1000, 2000 దాకా, ప్రతిసారీ తడుపుకుంటూ. ఈ రుద్దుడు చాలాసేపు చూశాను. అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ తర్వాతి పని.

రెక్కల వెనకగా ఒంటి చుట్టూ తిరిగే గీత ఒకటి ఉంది. వీపు అతుకును రుద్దినప్పుడు ఆ గీత కూడా పైన కాస్త మేర చెరిగిపోయింది. ఆయన మొహం మారింది. "ఇది అచ్చు గీత కాదమ్మా. తోక విప్పే జాయింటు." అసలు మిగ్-21లో ఇంజను బయటికి తీయాలంటే ఒంటి వెనకభాగం మొత్తాన్ని అక్కడ విడదీసి వెనక్కి లాగాలి. సర్వీసులో ఆయన చేతులు ఆ జాయింటు మీద ఎన్నోసార్లు పనిచేశాయి. గట్టి టేపును ఒంటి చుట్టూ అంచుగా అతికించి, సూదిమొనతో, బరువు మోపకుండా, ఒకే దిక్కుగా లాగుతూ ఆ గీతను మళ్లీ తెరిచారు. ఒకదాన్ని ఆనవాలు లేకుండా పూడ్చిన చెయ్యే, రెండోదాన్ని దానికి అడ్డంగా చెక్కుతోంది. 1963లో మన వాయుసేనలో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న విమానం అది. దాని ఒంటి మీద ఏ గీత నిజమో చేతులకు తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే ఇలాంటి బొమ్మలు తయారుకావాలని నాకు గట్టిగా అనిపించింది.

ప్రైమర్ కొట్టాక రెండు చోట్ల తప్పు బయటపడింది. ప్లాస్టిక్ ఒక రంగు, పుట్టీ ఇంకో రంగు ఉన్నంతసేపూ కంటికి చిక్కనిది, అంతా ఒకే బూడిదరంగయ్యాక పట్టుబడుతుంది. రెంటికీ పెన్సిలుతో సున్నాలు చుట్టి పక్కన పెట్టారు.

అల్మారాలో తర్వాతి పెట్టె చూపించారు. పి-51 మస్టాంగ్ యుద్ధవిమానం. అసలు విమానానికి రెక్క ముందుభాగాన్ని, సుమారు 40 శాతం మేర, ఫ్యాక్టరీలోనే పుట్టీతో పూడ్చి, రుద్ది, వెండిరంగు వేసేవారు. గాలి చెదరకుండా జారాలని చేసిన పని అది. కిట్టు చేసినవాళ్లు మాత్రం అక్కడ రివెట్లన్నీ చక్కగా చెక్కి పెట్టారు. పెట్టె మూత తీసి, రెక్క మీద ఎక్కడిదాకా పూడ్చాలో గోటితో గీసి చూపిస్తూ, ఒక ట్యూబు పుట్టీ దీనికే సరిపోతుందన్నారు.