మగర్‌లలో ఫర్క్



ఉర్దూలో 'మగర్' అనే లఫ్జ్‌కి రెండు అర్థాలు. ఫార్సీ నుంచి వచ్చిన మగర్ అంటే 'కానీ'. సంస్కృత మకరం నుంచి దిగిన మగర్ అంటే మొసలి. మా అబ్బాజాన్ ఏ మాటకైనా "మగర్..." అని అడ్డం పడగానే, "లో, మగర్‌మచ్ఛ్ ఆగయా" అని అమ్మీ నవ్వేది. మన మంచినీళ్ళ మొసలిని ఇంగ్లీషువాళ్ళు మగ్గర్ అంటారు. దారి కాచి దోచుకునేవాడికీ ఆ భాషలో అదే మాట ఉంది గానీ, ఈ జానవర్ పేరు మాత్రం మన మగర్ నుంచే పోయింది. అల్లిగేటర్ అనేది స్పానిష్ వాళ్ళ 'ఎల్ లగార్తో' నుంచి వచ్చింది, అంటే బల్లి. అరబ్బీలో మొసలి తిమ్‌సాహ్. ఈజిప్టులో సూయజ్ కాలువ వెళ్ళే దారిలో ఒక సరస్సుకి ఆ పేరే ఉంది.

ఆరో క్లాసు చదివే మా భాంజీ ఒకరోజు కితాబ్ పట్టుకొచ్చి సవాల్ వేసింది. "మామూ, క్రొకొడైల్ మూతి వి లాగా సన్నగా, అల్లిగేటర్ మూతి యు లాగా వెడల్పుగా ఉంటదంట. మరి జూలో చూసిన మన మొసలి మూతి వెడల్పుగానే ఉంది గదా?"

మాషా అల్లా, సవాల్ సహీ. క్రొకొడైల్ జాతుల్లో అన్నిటికంటే వెడల్పు మూతి మన మగ్గర్‌దే. మూతి ఒక్కటే చూసి ఫైసలా చేస్తే మన మంజీరా మొసలి కాస్తా అమెరికా అల్లిగేటర్ అయి కూర్చుంటుంది. అందుకే పళ్ళు చూడాలి, అదీ నోరు మూసుకున్నప్పుడు. క్రొకొడైల్‌కి కింది దవడలో నాలుగో పన్ను బయటికి కనపడుతుంది. పై దవడ పక్కన దానికోసం ఒక నొక్కు ఉంటుంది. అల్లిగేటర్ పై దవడ వెడల్పు ఎక్కువ కాబట్టి కింది పళ్ళన్నీ లోపలికి దాక్కుంటాయి. ఆ నాలుగో పన్ను పై దవడలోని గుంటలో కూర్చుంటుంది. మగ్గర్ మూతి ఎంత వెడల్పున్నా నాలుగో పన్ను బయటే ఉంటుంది. పక్కా క్రొకొడైల్.

కంటికి అంత తేలిగ్గా కనపడని ఫర్క్‌లు ఇంకా ఉన్నాయి. క్రొకొడైల్ నాలుక మీద ఒంట్లోని ఉప్పుని బయటికి పంపే గ్రంథులు పనిచేస్తాయి. అందుకే ఉప్పునీటి మొసలి సముందర్‌లో దూరదూరాలు ఈదగలదు. అల్లిగేటర్‌కి ఆ సౌకర్యం లేదు, ఉప్పునీళ్ళలో ఎక్కువకాలం ఉండలేదు. అల్లిగేటర్ జాతులు ప్రస్తుతం రెండే. ఒకటి అమెరికాలో, ఇంకొకటి చైనాలో యాంగ్జీ నది కింది భాగంలో. చైనాది చిన్నది, దాని హాల్ చాలా నాజూకు. అడవిలో బతికే క్రొకొడైల్, అల్లిగేటర్ రెండూ పక్కపక్కన కనిపించేది దక్షిణ ఫ్లోరిడాలోనే.

కైమన్‌లు అల్లిగేటర్ ఖాన్‌దాన్‌వే. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉంటాయి. ఒక రకానికి రెండు కళ్ళ మధ్య ఎముక గట్టు ఉంటుంది, చష్మా పెట్టుకున్నట్టు. దాని పేరే కళ్ళజోడు కైమన్. నల్ల కైమన్ 4 మీటర్లు దాటి పెరుగుతుంది. కువియర్ మరుగుజ్జు కైమన్ మగది కూడా సుమారు మీటరున్నర. కుద్రత్ చూడండి, ఒకే ఖాన్‌దాన్‌లో ఎంత తేడానో!

మన దేశంలో అడవిలో అల్లిగేటర్ లేదు, కైమన్ లేదు. ఉన్నవి మూడు: మగ్గర్, ఉప్పునీటి మొసలి, ఘరియాల్. మగ్గర్ తల వెనక మెడమీద పెద్ద పొలుసులు వరసగా కనిపిస్తాయి. ఉప్పునీటిదానికి అవి సాధారణంగా ఉండవు. దాని కళ్ళ ముందు నుంచి మూతి మీదికి రెండు గట్లు సాగుతాయి. మగ్గర్ ఒడ్డున గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. ఉప్పునీటిది ఆకూ అలమూ కుప్పపోసి అందులో పెడుతుంది. ఘరియాల్‌ని పోల్చుకోవడానికి ఇంత మెహనత్ అక్కర్లేదు. పొడుగ్గా సన్నటి మూతి, నూరు దాటిన పళ్ళు. పెద్దయిన మగదాని ముక్కు కొనమీద ఘడా లాంటి బుడిపె ఉంటుంది. పేరు అక్కడిదే.

ఇంత బారీకిగా పోల్చుకోవడం ఎందుకంటారా? ఘరియాల్ తినేది ముఖ్యంగా చేపలు. ఆ సన్నటి మూతి మనిషిని పట్టడానికి పనికిరాదు. అయినా 'మొసలి' అన్న ఒక్క పేరు కింద దానికీ అదే ఖౌఫ్, అదే నఫ్రత్. చర్మం కోసం వేట, చేపల వలలు, ఆనకట్టలు కలిసి 1970ల్లో దాన్ని అంతరించే అంచుకి నెట్టాయి. 1975లో మూడు రకాల్నీ కాపాడే సర్కారీ పథకం మొదలైంది. గుడ్లు తెచ్చి, పిల్లల్ని పెంచి, నదుల్లో వదిలారు. ఈ పనికి తర్బియత్ ఇచ్చే కేంద్ర సంస్థ మన హైదరాబాదులోనే ఉండేది. మంజీరాలో మగ్గర్‌ల కోసం 1978లో అభయారణ్యం ఏర్పడింది. పట్నం తాగిన నీళ్ళలో వాటి వాటా కూడా ఉందన్నమాట.

శతాబ్దాలు కలిసి బతికినా పోల్చుకోలేకపోవడం కొత్తేం కాదు. నైలు మొసలి ఒక్కటే జాతి అనుకుంటూ వచ్చారు. 2011లో జన్యు పరీక్షలు అందులో రెండు వేరు జాతులున్నాయని తేల్చాయి. ప్రాచీన ఈజిప్టువాళ్ళు మమ్మీలుగా చేసి దాచిన మొసళ్ళలో పరీక్షించినవి చాలావరకు, ఆ చిన్న, కాస్త నెమ్మదైన రెండో జాతివే.

కరాచీలో మంఘోపీర్ దర్గా పక్క కొలనులో ఉన్నవి కూడా మన మగ్గర్‌లే. ఆఫ్రికా మూలాలున్న షీదీలు మేళా చేసి, పెద్ద మొసలికి పూలదండ వేసి, మాంసం పెడతారు. దాన్ని 'మోర్ సాహబ్' అంటారు. అక్కడ అకీదత్, ఇక్కడ కర్రలు. జానవర్ ఒకటే.

"మీరు ముస్లిములా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!" అని మనలో ఎవర్ని అడగలేదు? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్ళనీ అడుగుతారు, దక్నీ మాట్లాడేవాళ్ళనీ అడుగుతారు. దూరం నుంచి చూసేవాడికి అందరూ ఒకటే. దగ్గరికొచ్చి చూడటానికి ఫుర్సత్ ఉండదు. ఆ దుఃఖం తెలిసిన మనమైనా కాస్త ఆగి చూడాలి కదా.

మంజీరా ఒడ్డున మా పెద్ద మామూ ఉంటారు. వరద తీసినప్పుడు మగ్గర్ పొలాల్లోకి వస్తే పిల్లలు రాళ్ళు అందుకుంటారు. ఆయన ఆపి, అందర్నీ దూరం జరిపి, అడవిశాఖ వాళ్ళకి ఫోన్ చేయిస్తారు. అలాగని లాడ్ చేయరు. అది మనిషిని చంపగలదని ఆయనకి బాగా తెలుసు. మగ్రిబ్ వేళకి పిల్లల్ని నీళ్ళలో దిగనివ్వరు. వేసవిలో ఒడ్డున గుంట కనపడితే, తల్లి దగ్గర్లోనే ఉంటుందని అటు మేకల్నే పోనివ్వరు.

"దాని జాగాలో దాన్ని ఉండనీయాలె బేటా, మన జాగాలో మనం హుషారుగా ఉండాలె" అంటారు. "భయం ఉండొచ్చు. మగర్, దుష్మనీ ఎందుకు?"